పేరు అడగని నర్సు కోసం ఉదయగిరి దాకా

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఏళ్ళ తరబడి వార్డులో నర్సుగా తిరిగిన కాళ్ళు మరి. ఇప్పుడు ఆ పని మానేసి, విదేశీ ఆసుపత్రులకు నర్సుల్ని ఎంపిక చేసే ఒక చిన్న ఏజెన్సీలో చేస్తున్నాను. ఈ పని మీద ఎన్నో ఊళ్ళు తిరిగాను కానీ, మొన్న ఉదయగిరి వెళ్ళొచ్చిన రోజు పడినంత ఆరాటం ఇంకెప్పుడూ పడలేదు. అటువైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి తెలుస్తుంది, నర్సు ఉద్యోగానికి దేశం దాటాలనుకునేవాళ్ళకి ఇంకో సంగతి తెలుస్తుంది. అందుకని రాస్తున్నాను.

మేము నర్సుల్ని పంపేది ఐర్లండ్‌లోని ఒక ఆసుపత్రికి. మొన్నమొన్నటి దాకా వాళ్ళు పోర్చుగల్ వెళ్ళి, అక్కడి నర్సింగ్ కాలేజీల నుంచి బ్యాచ్‌లకి బ్యాచ్‌లనే తీసుకెళ్ళేవాళ్ళు. అలా వెళ్ళిన పిల్లల్లో మార్టా ఒకతె. పోర్చుగల్ నుంచి వచ్చేవాళ్ళు తగ్గాక ఆ ఆసుపత్రి మన వైపు చూసింది. ఇక్కడి పిల్లల్ని పరీక్షించడానికి పంపింది ఆ మార్టానే. నెల్లూరులో ఇంటర్వ్యూలన్నీ అయిపోయాయి, ఒక్క షబానా మిగిలింది. ఉదయగిరి పిల్ల, ఆత్మకూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు. ఆన్‌లైన్ రౌండ్లన్నీ దాటేసింది. ప్రాక్టికల్ పరీక్షకి నెల్లూరు రమ్మంటే మాత్రం రాలేదు. ఫోన్ చేశాను.

"రాలేనక్కా. ఇంకో సిస్టర్ లీవులో ఉండాది. మా అమ్మీ కూడా ఒక మాటన్నింది. ఆ దేశంలో పనిచేసే మనిషిని నా కళ్ళతో చూస్తే గానీ నిన్ను పంపను అంటాది."

ఒళ్ళు మండింది. మర్నాడు సాయంత్రానికి ఫలితాలు పంపేయాలి, మార్టా చెన్నై వెళ్ళి విమానం ఎక్కాలి. ఈ పిల్ల ఆగిపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నేను విసుక్కుంటుంటే మార్టా మాత్రం నింపాదిగా, "మనమే వెళ్దాం. పని చేసేచోటే చూస్తాను. తర్వాత వాళ్ళమ్మ నన్ను చూస్తుంది" అంది.

తెల్లవారి ఆరింటికల్లా నెల్లూరు బస్టాండ్‌లో ఆత్మకూరు బస్సెక్కాం. మన రాష్ట్రం ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే టికెట్ లేదు. మార్టా దగ్గర ఆధార్ ఎక్కడుంటుంది! "ఈమెది పోర్చుగల్ అన్నా" అన్నాను కండక్టర్‌తో. "యాడైతే ఏందమ్మా, ఆధార్ లేకుంటే టికెట్టే" అని కొట్టిచ్చాడు. వందలోపే అయింది. మార్టా ఆ టికెట్‌ని జాగ్రత్తగా పర్సులో దాచుకుంది. సంగం దగ్గర బ్యారేజీ కనిపించేసరికి కిటికీలోంచి తల బయట పెట్టబోతే చెయ్యి పట్టి లాగాను. దిగేసరికి ఏడున్నర దాటింది. బస్టాండ్ బయట ఒకామె వేసే కారం దోశ తిన్నాం. "ఆయమ్మకి కారం తగ్గించమంటావా?" అని అడిగిందామె. నేను చెప్పేలోపే మార్టా ఇంకొకటి వేయమని వేలు చూపించింది.

నర్సింగ్ హోమ్‌లో డాక్టర్ ముందే ఒప్పుకున్నారు. షబానా సన్నగా, చురుగ్గా ఉంది. రాత్రి డ్యూటీ దిగే ముందు ఒక ముసలామెకి సెలైన్ పెట్టాలి, అదే పరీక్ష. చేతులు కడుక్కుని వచ్చి మంచం పక్కన నిలబడింది.

"అవ్వా, చెయ్యి ఇటియ్యి. చీమ కుట్టినట్టుంటాది, అంతే."

"నువ్వైతే కుట్టమ్మే. నిన్నటామె నాలుగుసార్లు పొడిచింది" అందా అవ్వ.

ఒక్క పోటుకే నరం దొరికింది. నేనింత నేర్పుగా ఎప్పుడూ పెట్టలేదు. కానీ ఒకటి మరిచింది. ఈ పిల్ల అవ్వని పేరు అడగలేదు! రోగిని ముట్టుకునే ముందు పూర్తి పేరు, పుట్టిన తేదీ రోగి నోటితోనే చెప్పించాలి. అది తప్పితే మిగతావన్నీ ఎంత బాగా చేసినా పరీక్ష తప్పినట్టే. మార్టా పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. నేను ఆమెను పక్కకి తీసుకెళ్ళాను.

"మా దగ్గర పెద్దవాళ్ళని పేరడిగితే మర్యాద కాదు. అవ్వ, నాయన, అంతే. పైగా ఈ ఊళ్ళో ఎవరెవరో ఆమెకి తెలుసు" అన్నాను.

"అక్కడ తెలియదు కదా. ఒకే పేరున్న ఇద్దరికి మందులు తారుమారవడం నా కళ్ళతో చూశాను" అంది మార్టా. మాట నిజమే. ఫైలు మూస్తూ, "పరీక్షకి సాయంత్రం దాకా టైముంది. ఇంకొక రోగిని చూసే అవకాశం ఉంటే చూస్తాను. కానీ తప్పేంటో నువ్వు ఆమెకి చెప్పకూడదు, అది రూలు" అంది.

ఇక చూడండి నా అవస్థ. ఉదయగిరి బస్సు తొమ్మిదిన్నరకి అన్నారు, పది దాటినా కదల్లేదు. డ్రైవర్ టీ తాగుతున్నాడు. నేను దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. బస్సు బయల్దేరాక, డ్యూటీ దిగి మాతోపాటే ఇంటికి వస్తున్న షబానా నా పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది.

"అక్కా, ఎట్టా చేసినాను?"

"సూది బాగా పెట్టావు" అని కిటికీ వైపు తిరిగాను. చెప్పేస్తే ఏం పోయింది అని ఒక మనసు, చెప్తే ఆ పిల్ల గెలుపు దొంగ గెలుపవుతుందని ఇంకో మనసు. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. మాట మార్చడానికి, అసలు ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావని అడిగాను.

"మా కాడ కేసు కష్టమైతే నెల్లూరుకి పంపిస్తాం అక్కా. అంబులెన్స్ ఎక్కించి డోరు వేసేస్తాను. తర్వాత ఆ మనిషి ఏమైనాడో నాకు తెలవదు. పంపించేదానిగా ఉండింది చాలు. అట్టా వచ్చినోళ్ళని అందుకునేదాన్ని కావాల నేను."

ఆ మాట విన్నాక నా ఆరాటం రెట్టింపయింది. ఎలాగైనా ఈ పిల్ల వెళ్ళాలి అనిపించింది, నా సొంత చెల్లెలి ఉద్యోగం అయినట్టు.

పన్నెండు కావస్తుండగా ఉదయగిరిలో దిగాం. ఎండ మాడ్చేస్తోంది. ఇక్కడి కొండ మీది కోట చూడాలనుకునేవాళ్ళు మాత్రం పొద్దున్నే కొండెక్కండి, ఈ వేళప్పుడు వద్దు. షబానా వాళ్ళ ఇల్లు బస్టాండ్ నుంచి నడిచేంత దూరమే. వాళ్ళమ్మ వసారాలో కూర్చుని చెక్క గరిటెను ఆకురాయితో నున్నగా రుద్దుతోంది. ఆ వీధిలో చాలామంది ఆడవాళ్ళ పని అదే. ఒళ్ళంతా చెక్కపొడి. మమ్మల్ని చూసి లేవలేదు, పని ఆపలేదు.

"ఈమేనా? కూర్చోమను. పాపా, నీ పేరేంది? మీ అమ్మ పేరేంది?" అని నేరుగా మార్టానే అడిగింది. నేను రెండువైపులా తర్జుమా చేయడం మొదలుపెట్టాను. టీ వచ్చింది. అక్కడ ఏం తింటారు, చలికి ఏం కప్పుకుంటారు, ఒంట్లో బాలేకపోతే ఎవరు చూస్తారు, ఒకటా రెండా! మార్టా దేన్నీ దాటవేయలేదు. మొదటి చలికాలం రోజూ ఏడ్చానని కూడా చెప్పింది. "అబద్ధం ఆడే మనిషి కాదు" అంది వాళ్ళమ్మ, నాతో.

తర్వాత తనే, "నాకు నెల నుంచి తల తిరగతా ఉండాది. బీపీ చూడమను" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "షబానా చూస్తుంది" అంది మార్టా, ఒళ్ళో ఫైలు తెరుస్తూ. షబానా లోపలి నుంచి మిషను తెచ్చింది, అమ్మ పక్కన చతికిలబడి, చెయ్యి లాక్కుని పట్టీ చుట్టేసింది. అయ్యో, మళ్ళీ అదే! కన్నతల్లిని పేరెవరడుగుతారు? సరిగ్గా అప్పుడు ఆ తల్లి మార్టాని ఇంకో ప్రశ్న అడిగింది.

"నిన్ను ఒక్కసారికే తీసుకున్నారా ఆడికి?"

మార్టా టీ గ్లాసులోకి చూస్తూ చెప్పింది. "లేదు. మొదటిసారి తప్పాను. మా ఊళ్ళో ముసలమ్మల్ని అవో అంటాం. పరీక్షలో కూడా అలాగే పిలిచి, బుగ్గ నిమిరి, పని మొదలుపెట్టాను. పేరడగలేదు. వెనక్కి పంపేశారు. ఏడాది ఆగాల్సొచ్చింది."

అడిగింది తల్లి, చెప్పింది మార్టా. తర్జుమా చేయడం నా ఉద్యోగం. ఉన్నదున్నట్టు చేశాను, ఒక్క మాట ఎక్కువ కాదు, తక్కువ కాదు. షబానా చెయ్యి బీపీ పంపు మీద ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను.

పట్టీ విప్పేసింది. లేచి గడప దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చింది.

"నమస్కారం. నా పేరు షబానా. ఈరోజు మిమ్మల్ని చూసుకునే నర్సుని. మీ పూర్తి పేరు చెప్తారా?" చివరి మాటకి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏందే, మతి పోయిందా? నా పేరు నీకు తెలవదా?" అంది తల్లి. వీధిలో పక్కింటివాళ్ళు కూడా నవ్వారు. అక్కడ ఎవరినైనా సరే, ప్రతిసారీ ఇలాగే అడగాలని నేను వాళ్ళమ్మకి చెప్పాను. ఆమె నవ్వలేదు. చేతిలో గరిటె పక్కన పెట్టింది. కొంగుతో చేతుల మీద చెక్కపొడి తుడుచుకుంది. వీపు గోడకి ఆనించి, చెయ్యి ముందుకి చాపింది.

"మళ్ళా అడుగు. నవ్వబాక. నేనెవురో నీకు తెలవదనుకో."

షబానా మళ్ళీ గడప దగ్గర నుంచి వచ్చింది. ఈసారి నవ్వలేదు. "మీ పూర్తి పేరు చెప్తారా?"

"కరీమున్నీసా."

"మీరు పుట్టిన తేదీ?"

"ఆధార్‌లో జనవరి ఒకటి. అసలుది మా అమ్మకి తెలుసు. ఆమె లేదు."

"మీ చెయ్యి పట్టుకోవచ్చా?" అంది షబానా. బీపీ కొంచెం ఎక్కువే ఉంది. ఉప్పు తగ్గించమని, డాక్టర్‌కి చూపించమని, ఎవరో బయటామెకి చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. మార్టా ఫైలు మూసి, "పరీక్ష ఇప్పుడు పూర్తయింది. పాసయింది. మరి ఈమె పంపిస్తుందా, అడుగు" అంది నాతో. అడిగాను.

"పంపకుంటే మళ్ళా అడగమని ఎందుకంటాను?" అని గరిటె చేతిలోకి తీసుకుని, తల వంచుకుని రుద్దడం మొదలుపెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు.

రెండున్నర బస్సుకి వింజమూరు మీదుగా నెల్లూరు తిరిగొచ్చాం. మార్టా ఒళ్ళో అక్కడ కొన్న చెక్క చెంచాలు. చెన్నై రైలు అందుతుందో లేదోనని నేను గడియారం చూడని నిమిషం లేదు. అందింది లెండి. ఆమెను రైలెక్కించి ప్లాట్‌ఫామ్ మీద ఒక్కదాన్నే నిలబడితే, అప్పుడు వచ్చింది ఏడుపు. ఇన్నేళ్ళుగా పిల్లల్ని పంపిస్తున్నాను. వాళ్ళు వెళ్ళే ముందు ఇళ్ళల్లో ఏం జరుగుతుందో అంత దగ్గరగా చూడటం అదే మొదలు. పోర్చుగల్‌లో అయినా ఉదయగిరిలో అయినా, కొత్తవాళ్ళని చూసుకోవడం నేర్చుకోవాలంటే ముందు సొంతవాళ్ళని కొత్తవాళ్ళలా చూడాలి కాబోలు. నాకైతే అది ఎప్పటికీ సులువుగా అనిపించదు.

ఇలాంటి పరీక్షకి సిద్ధమవుతున్న పిల్లలకి ఒక్క సలహా. బొమ్మల మీద, స్నేహితుల మీద సాధన చేస్తే చాలదు. ఇంట్లో అమ్మని కూర్చోబెట్టి, గడప దగ్గర నుంచి వచ్చి, పేరు అడగండి. మొదటిసారి నవ్వొస్తుంది. రెండోసారి రాదు.