పుకట్ ప్లాన్

2025లో వరి కోతల రోజులవి. సింధనూరులో రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టడం నా పని. గోరేబాళలో సుబ్బారావు బాబాయ్ మిల్లు నాకు దొరికిన మొదటి పని. మాకు చుట్టరికం లేదు. రెండు కుటుంబాలూ గోదావరి వైపు నుంచి ఇక్కడి కాలవ కింద వరి సాగుకు వచ్చినవే కాబట్టి బాబాయ్ అంటాను.

ఆ సీజన్లో ఆయన వేబ్రిడ్జి చీటీల్లో తప్పులు పడసాగాయి. నిండు బండిని తూచి, దించాక ఖాళీ బండిని తూచి, తీసివేస్తే ధాన్యం బరువు వస్తుంది. ఆ ఖాళీ బరువునే టేర్ అంటాం. కొన్ని చీటీల్లో మాత్రం ధాన్యం ఎక్కువ చూపిస్తోంది.

"లేని ధాన్యానికి డబ్బు కడుతున్నానురా అబ్బాయ్. నువ్వు చూస్తావా, ఆ రాయచూరు అమ్మాయికి చెప్పమంటావా?" అన్నాడు బాబాయ్.

రాయచూరు అమ్మాయంటే నాగవేణి. నాలాంటి పనే చేస్తుంది. అప్పటికే నా మిల్లులు రెండు పట్టుకుపోయింది. ఆమె పేరు వింటేనే నాకు ఒళ్లు మండేది. అంత వేగం ఊరికే రాదు, ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌లో పెయిడ్ ప్లాన్ తీసుకుని ఉంటుందని తేల్చుకున్నాను. మాటల్లో చెబితే ప్రోగ్రామ్ రాసిపెట్టే సాధనం అది. నాదేమో ఫ్రీ ప్లాన్. కాసేపు అడిగానో లేదో, ఇవాళ్టికి చాలు, రేపు రమ్మంటుంది.

ఉక్రోషంతో నేనూ పెయిడ్ కొన్నాను. బరువు తప్పు వస్తోంది, సరిచెయ్ అన్నాను. చేసింది. మళ్లీ తప్పొచ్చింది, మళ్లీ అడిగాను. అది విసుక్కోదు, నేను మానను. చివరికి నా కోడ్ నేనే గుర్తుపట్టలేనంతగా మారిపోయింది కానీ తప్పు ఉన్నచోటే ఉంది. బాబాయ్ నాగవేణికి కబురు పెట్టాడు.

ఆమె వచ్చి కంప్యూటర్ తెరవనేలేదు. పొద్దంతా వేబ్రిడ్జి పక్కన కూర్చుంది. రెండు ట్రాలీలతో వచ్చిన ట్రాక్టర్, ఒకటి దించగానే దానితో మాత్రమే ఖాళీ తూకానికి రావడం చూసింది. మిల్లులో ఆగిపోయిన రెండో ట్రాలీ బరువు కూడా ధాన్యం లెక్కలో కలిసిపోతోంది. అదంతా వివరంగా రాసి అసిస్టెంట్‌ని ఒక్కసారి అడిగింది. సాయంత్రానికల్లా చీటీలు సరిగ్గా వచ్చాయి. బాబాయ్ తూకం పని ఆమెకే అప్పగించాడు. నాకు బిల్లింగ్ మిగిలింది.

ఉండబట్టలేక, ఏ పెయిడ్ ప్లాన్ వాడుతున్నావని అడిగేశాను.

"పెయిడ్ ఏంది అన్నా, మాది పుకట్‌దే," అంది. ఊరికే వచ్చేదాన్ని ఇక్కడ పుకట్ అంటారు. "నాలుగు మాటలకే బందైతది. గందుకే అన్నీ కనుక్కున్నంకనే అడుగుత. నీకేం, పెయిడ్ ఉన్నదంట గద. ఇన్నకాడి నుంచి నాకు కడుపు మండుతున్నది."

నన్ను చూసి కుళ్లుకునేవాళ్లూ ఉన్నారని ఎంత హాయిగా అనిపించిందో. ఆ హాయి నిలవలేదు. తర్వాతి నెలలో ఆమె కూడా పెయిడ్ కొంది. కొత్తగా తెరిచిన మిల్లు పని కూడా ఆమెకే పోయింది.

ఫ్రీయా పెయిడా అని ఎవరైనా అడిగితే, ఏం అడగాలో తెలిసేదాకా ఫ్రీ చాలు అంటాను. తెలిశాక కూడా ఫ్రీలోని రోజువారీ కోటా అడ్డొస్తుంటే అప్పుడు కొనుక్కోవచ్చు.

ఈమధ్య నేనూ మిల్లులో బళ్ల పక్కన పూటంతా నిలబడి, ఆ తర్వాతే అసిస్టెంట్ దగ్గరికి వెళుతున్నాను. మొన్న బాబాయ్ చూసి, ఈ పద్ధతి ఎవరు నేర్పార్రా అని అడిగాడు.

"నాకే తట్టింది బాబాయ్," అన్నాను.