నన్ను భ్రామకం అని పిలిచిన సారు

మా ఫిజిక్స్ సారును నేను ఇప్పటికీ క్షమించలేదు. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. చివరికి నా మనసు కరుగుతుందేమోనని ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు.

అప్పుడు నేను సిద్దిపేటలో డిగ్రీ మొదటి సంవత్సరం. నారాయణరావుపేట దగ్గరి మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఇంటర్ దాకా నేను చదివిందంతా తెలుగు మీడియమే. డిగ్రీకి వచ్చేసరికి పుస్తకాలు, బోర్డు మీది రాత, పరీక్ష పేపరు అన్నీ ఇంగ్లీషైపోయాయి. లెక్కలు ఎలాగో నడిచాయి. ఫిజిక్స్ దగ్గర మాత్రం క్లాసులో సగం మందిమి తలలు దించుకుని కూర్చునేవాళ్లం.

నవంబరులో అనుకుంటా, ల్యాబులో ఫ్లైవీల్ ప్రయోగం మొదలుపెట్టాడు సారు. గోడకు బిగించిన పెద్ద ఇనుప చక్రం అది. ఇరుసుకు దారం చుట్టి, దారం కొసకు బరువులు వేలాడదీసి తిప్పుతాం. ఈ చక్రం తిరగడానికి ఎదురుచెప్పే గుణాన్ని ఏమంటారని ఇంగ్లీషులో అడిగాడు. నాకు తెలుసు. ఇంటర్‌లో చదివిందే. లేచి నిలబడి, "జడత్వ భ్రామకం సార్" అన్నాను.

ఆయన చేతిలోని సుద్దముక్క బల్లమీద పెట్టాడు.

"ఏందీ? మళ్లొకసారి చెప్పు."

"జడత్వ భ్రామకం సార్."

"భ్రామకమా?" అని నవ్వాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వారు. "గీ భ్రామకాలు పోయి మీ ఊర్ల ఎడ్లకు చెప్పు. ఈడ డిగ్రీ అమ్మా. నువ్వు ఈ పేపర్ పాసైతవనుకుంటున్నవా? అయినంక నాకు చెప్పు, చూద్దాం."

జవాబు సరైనదే, ఇంగ్లీషులో చెప్పలేదంతే. అది ఆయనకూ తెలుసు. ఆ సంగతే నన్ను ఎక్కువగా కాల్చింది. తెలియక నవ్విన పిల్లల మీద నాకు కోపం రాలేదు. తెలిసి నవ్విన మనిషిని మాత్రం తేరిపార చూశాను. బట్టతల, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఎన్నేళ్లయినా ఆ రూపం మరిచిపోకూడదని చూశాను.

ఆ రోజు నుంచి ఆయనకు నేను భ్రామకాన్ని. "ఏ భ్రామకం, లే. రెండో లెక్క చెప్పు." హాజరు తీసుకునేటప్పుడు కూడా అదే పిలుపు.

నా పక్కన కూర్చునే అమ్మాయి మర్కూక్ వైపు పిల్ల. వాళ్లు కూరగాయలు పండిస్తారు. ఆమె సిద్దిపేటలోనే హాస్టల్లో ఉండేది. ఆమెదీ తెలుగు మీడియమే. నాకు కోపం ఎక్కువ, ఆమెకు భయం ఎక్కువ. మొదటి సెమిస్టర్ పరీక్షకు ముందు వారమంతా ఆమె సరిగ్గా అన్నం తినలేదు. అర్థం కాని జవాబులను అక్షరం అక్షరం బట్టీ పట్టేది. ఒక్క పదం మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. సారు ఇంటి దగ్గర పొద్దున ట్యూషన్ చెప్పేవాడు. అక్కడికి పోయేవాళ్లకు ఏ ప్రశ్నలు చదవాలో ముందే తెలిసేది. మేమిద్దరం పోలేదు. ఆమె పోదామంది. నేనే వద్దన్నాను.

ఫలితాలు వాట్సప్ గ్రూపులో వచ్చాయి. నేను బస్సులో ఉన్నాను. ఫిజిక్స్‌లో ఇద్దరం తప్పాం. మాతోపాటు క్లాసులో చాలామంది తప్పారు.

మర్నాడు ఆయన తప్పిన వాళ్లందరినీ ఒక్కొక్కరిగా లేపి నిలబెట్టాడు. నా దగ్గర ఆగలేదు, నవ్వి ముందుకు పోయాడు. నా స్నేహితురాలి దగ్గర ఆగాడు.

"నీకెందుకమ్మా ఈ బాధ? ఇంట్ల చెప్పి పెండ్లి చేసుకోరాదు?"

ఆయన కూర్చోమనేదాకా ఆమె నిలబడే ఉంది. మధ్యాహ్నం హాస్టలుకు పోయి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను వెనకే పోయి సంచిలోని బట్టలన్నీ తీసి మంచమ్మీద పడేశాను.

"పోతే పో. కానీ ఆయన ముంగట పాసై పో" అన్నాను.

"నాకు సమజైతలేదే. ఎంత సదివినా సమజైతలేదు."

"నేను చెప్త."

"నువ్వు గూడ తప్పినవ్ గద!"

నిజమే. నాకూ ఏమీ తెలియదు. కానీ ఆ మాట నోటి నుంచి వచ్చేసింది. ఇక నేర్చుకోక తప్పలేదు.

కాలేజీ లైబ్రరీలో ఒక మూలన తెలుగు మీడియం పాత పుస్తకాలు కట్టలు కట్టి పడేసి ఉండేవి. అట్టలు ఊడిపోయిన రెండు పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను. ముందు తెలుగులో చదివి, అర్థమయ్యాక అదే సంగతిని ఇంగ్లీషు పుస్తకంలో వెతికేదాన్ని. ఘర్షణ దగ్గర మాత్రం చిక్కుకుపోయాను. బలం ఏ వైపు, ఎందుకు అన్నది తలకెక్కలేదు. ఒక ఆదివారం పొద్దున బాపు వెంట పోయి చెట్టు కింద నిలబడ్డాను. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు తాడు వేసుకుని ఆయన పైకి పోతుంటే అడిగాను.

"బాపూ, నువ్వు జారవెందుకు?"

ఆయన అక్కడే ఆగి కిందికి చూశాడు. "చెట్టును కావలించుకుంటె జారుతం బిడ్డా. కొత్తోళ్లు బయపడి గట్లనే చేస్తరు. మోకు మీద బారమేసి ఎనుకకు ఒరగాలె. అప్పుడు కాళ్లు చెట్టును గట్టిగ తంతయి. గంతే."

పుస్తకంలో రెండు పేజీల బొమ్మలతో చెప్పింది అదే. కాళ్లు చెట్టును ఎంత గట్టిగా నొక్కితే పట్టు అంత పెరుగుతుంది. బాపు కిందికి దిగేలోపు నేల మీద పుల్లతో ఆ బొమ్మ గీసి, బాణాలన్నీ సరిగ్గా పెట్టాను.

తర్వాత నేను చేసింది చదువు మీది ప్రేమతో చేశానని చెప్పను. స్టాఫ్ రూముకు సరిగ్గా ఎదురుగా ఒక ఖాళీ గది ఉండేది. కాలేజీలో ఖాళీ గదులు ఇంకా ఉన్నాయి. నేను కావాలనే దాన్ని ఎంచుకున్నాను. మధ్యాహ్నం అన్నాల గంటలో తలుపు బార్లా తెరిచి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో "జడత్వ భ్రామకం" అని రాసి పాఠం మొదలుపెట్టాను. మొదటి రోజు నా స్నేహితురాలు, ఇంకో ఇద్దరు వచ్చారు. స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా తింటున్న ఆయనకు వినపడేంత గట్టిగా చెప్పాను.

రెండు వారాల్లో తప్పినవాళ్లంతా ఆ గదిలోనే ఉన్నారు. ఆ తర్వాత ఆయన ట్యూషన్ పిల్లలు రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరు గుమ్మం దగ్గర కనపడ్డప్పుడల్లా నాకు కడుపు నిండినట్టయ్యేది. వాళ్లను పేరుపేరునా పిలిచి ముందు వరుసలో, తలుపుకు ఎదురుగా కూర్చోబెట్టేదాన్ని. ఆయన బయటికొస్తే మొదట వాళ్లే కనపడాలి. ఫిబ్రవరికల్లా ఆయన పొద్దుటి ట్యూషన్ ఆగిపోయిందని తెలిసింది. ఆ రోజు బస్సులో ఇంటిదాకా నవ్వుకుంటూ పోయాను.

ఆయన ఊరుకోలేదు. ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోవాలంటే, చేసిన ప్రయోగాలన్నీ రాసిన రికార్డు పుస్తకం మీద ఆయన సంతకం ఉండాలి. అందరి రికార్డులూ తిరిగొచ్చాయి. నాది రాలేదు.

"నీ రికార్డా? నాకియ్యనే ఇయ్యలే గద నువ్వు."

"ఇచ్చిన సార్. మీ టేబుల్ మీదనే పెట్టిన."

"ఉంటే చూపియ్యి. సంతకం పెడ్త."

పరీక్షకు ఇంకా రెండు రోజులుంది. నా స్నేహితురాలి రికార్డు ముందు పెట్టుకుని మొత్తం మళ్లీ రాశాను. గ్రాఫులు ఆమె గీసింది. కాలేజీ మెట్ల మీద, బస్సులో, మా ఇంటి అరుగు మీద కూర్చుని రాశాను. వేళ్లు వాచాయి. పూర్తయ్యాక సారు దగ్గరికి పోలేదు, నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి పోయాను. ఆయన మెత్తని మనిషి, గొడవలంటే పడదు. సారును పిలిపించి, "ఉన్నది గద సార్, పెట్టున్రి" అన్నాడు. సారు ఎంత గట్టిగా పెట్టాడంటే కాగితం చినిగి పెన్ను కింది పేజీలో దిగింది.

ప్రాక్టికల్స్‌కు వేరే కాలేజీ నుంచి ఒక మేడమ్ పరీక్షకురాలిగా వచ్చారు. చీటీ తీస్తే నాకు ఫ్లైవీలే వచ్చింది. ప్రయోగం చేశాను, లెక్క సరిగ్గా వచ్చింది. మేడమ్ దగ్గరికొచ్చారు. పక్కనే సారు నిలబడ్డాడు.

"ఈ చక్రం బరువంతా అంచుకే ఎందుకు పెట్టిన్రమ్మా?"

ఇంగ్లీషులో చెప్పాను. ఆమె తలూపి, "బట్టీ కొట్టినవా, సమజైందా? నీ మాటల్ల చెప్పు" అన్నారు.

తెలుగులో చెప్పాను. బరువు ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే చక్రం తిరగడానికి అంత మొండికేస్తుందని, ఒకసారి తిరిగితే ఆగడానికీ అంతే మొండికేస్తుందని చేతులతో చూపించాను. మేడమ్ ముఖం వికసించింది. సారువైపు తిరిగి, "పిల్లలకు మంచిగ నేర్పిన్రు సార్" అన్నారు.

ఆయన కళ్లజోడు సర్దుకుని నవ్వాడు. "ఏదో మేడమ్, మన కష్టం మనం పడ్తం."

ఆ నవ్వు చూసి ఒక అడుగు ముందుకేశాను. నాలుగు నెలలుగా బస్సులో ఆయనను అనడానికి ఎన్నో మాటలు సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"సార్ నేర్పలేదు మేడమ్. గిదే జవాబు చెప్తే క్లాసుల నవ్విన్రు. నేనే సదువుకున్న."

ల్యాబులో అందరూ చేతిలో పని ఆపేశారు. మేడమ్ ఒకసారి ఆయన వంక, ఒకసారి నా వంక చూసి, కాగితం మీద మార్కులు వేసుకుని పక్క బల్లకు పోయారు. ఆయన మెడ నుంచి చెవులదాకా ఎర్రబడింది. నేను చూపు తిప్పుకోలేదు.

తప్పిన పేపరు అందరం మళ్లీ రాశాం. మా గదిలోవాళ్లలో ఇద్దరు తప్ప అందరం పాసయ్యాం. నా స్నేహితురాలు అత్తెసరు మార్కులతో గట్టెక్కి, మార్కుల కాగితం పట్టుకుని నా భుజం మీద పడి ఏడ్చింది. ఆ తర్వాత ఆయన నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. రెండో సంవత్సరమంతా నేను మొదటి బెంచీలో, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. ఒక్క ప్రశ్న అడగలేదు, ఊరికే చూశాను. ఆయన ఎక్కువసేపు బోర్డువైపు తిరిగి పాఠం చెప్పేవాడు.

ఇప్పుడు నేను గజ్వేల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. పోయిన ఎండాకాలం నా స్నేహితురాలి పెళ్లి జరిగింది. ఆమె ఆయన్ను పిలిచింది. ఆయన బంతిలో కూర్చుని తింటుంటే చూశాను. మిగిలిన జుట్టూ పోయింది, కొద్దిగా వంగిపోయాడు.

"ఎందుకు పిలిచినవే?" అన్నాను పెళ్లికూతురి పక్కన నిలబడి.

"సారు గద. పెద్దమనిషైండు. నీకింక కోపం పోలేదా?"

"పోలే."

"నాకు పోయిందే ఎప్పుడో."

ఆమె అలా అనడం నాకు బాగా అనిపించలేదు. అప్పుడు బట్టలు సర్దుకున్నది ఆమే. కానీ పెళ్లి రోజు గొడవెందుకని ఆమె మెడలో దండ సర్దాను. "అన్నం తినుపో" అంది ఆమె. ఆయన చేయి కడుక్కుని, తాంబూలం తీసుకుని, గేటు దాటి పోయేదాకా ఆగి, అప్పుడు పోయి తిన్నాను.