మా ఆవిడ పరామర్శకు మా ఆవిడే టీ పెట్టింది

పోయిన నెల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తా వినండి. మధ్యలో నవ్వకూడదు, ముందే చెప్తా ఉన్నా. నిక్షేపంగా బతికున్న మనిషిని తల్చుకొని ఏడ్చేదానికి ఆటోలు కట్టించుకొని మరీ చుట్టాలు వచ్చినారు! వచ్చినోళ్ళకు టీ పెట్టిచ్చింది ఎవరనుకుంటున్నారు? ఆ 'పోయిన' మనిషే! ఇంతకీ దీనికంతా కారణం ఎవరంటే... ఇంకెవరు, మీ ముందర కూర్చున్న ఈ గుండు!

మా లక్ష్మికి రొమ్ములో గడ్డ ఉందని తేలింది, గుంటూరులో కీమో ఎక్కిస్తున్నారు, మీకు తెలిసిందే కదా. రెండోది అయినాక జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన పెడితే దువ్వెనతోపాటే వచ్చేసేది. లక్ష్మి గట్టి మనిషి. సూదులు పొడిచినా, వాంతులైనా కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. కానీ ఆ ఆదివారం పొద్దున లేచి, దిండు మీద మిగిలిన జుట్టంతా చూసుకొని గోడవైపు తిరిగి పడుకుంది. జావ ఇస్తే తాగదు. పిలిస్తే పలకదు. చాలాసేపటికి ఇటు తిరిగి, "ఎట్ల ఉన్నానయ్యా నేను?" అనింది.

నేను పెద్ద తెలివిగా, "నీకేంది, తోమిన చెంబు మాదిరి తళతళా మెరిసిపోతా ఉన్నావు" అన్నా.

స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నోడికి ఇంతకంటే మంచి పోలిక ఎట్ల వస్తుంది చెప్పండి! ఆమె నవ్వలేదు. మళ్ళీ గోడవైపు తిరిగింది.

సాయంత్రానికి నాకొక ఐడియా వచ్చింది. నేను కూడా గుండు కొట్టించుకుంటే? నీకు లేనిది నాకు మాత్రం ఎందుకు అన్నట్టు! ఆమెకు చెప్పకుండా, సర్‌ప్రైజ్! ఆమెకు కనుబొమ్మలు కూడా పలచబడినాయి. నేను కనుబొమ్మలు తీయించుకుంటే పిల్లలు జడుసుకుంటారు, దానికి బదులు మీసం ఇచ్చేద్దాం అనుకున్నా. నా మీసం సంగతి మీకు తెలుసు. పెళ్ళిచూపుల్లో నాకంటే ముందు అదే నచ్చిందంట ఆమెకు.

సోమవారం పొద్దున్నే ఓబులేసు సెలూన్‌కు పోయినా. ఇరవై ఏండ్లుగా నా తల అతని చేతుల్లోనే పెరిగింది.

"మొత్తం తీసెయ్ ఓబులేసూ. మీసం కూడా."

అతని చేతిలో కత్తెర ఆగిపోయింది. అద్దంలో నన్ను ఒకసారి చూసినాడు. పోయి టీవీ ఆపేసినాడు.

"ఎప్పుడు, అన్నా?"

"నిన్న పొద్దున."

"అయ్యో! ఉన్నట్టుండి పోయిందా?"

"లేదప్పా, వారం నుంచి కొంచెం కొంచెంగా పోతానే ఉండె. నిన్న నిద్దట్లో మొత్తం పోయింది."

"నిద్దట్లోనా... నొప్పేం తెలియలేదు కదా?"

"నొప్పేం ఉండదంట. కానీ లేచి ఆ దిండు మీద చూసేసరికి... ఏం చెప్పమంటావు!"

ఓబులేసు భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నేనేమో మనసులో, ఎంత మంచోడు! ఒక ఆడమనిషి జుట్టు కోసం ఇంత బాధపడతా ఉన్నాడే, పనిమీద ప్రేమ అంటే ఇదీ, అనుకున్నా!

అక్కడ్నించి దుకాణానికి పోయినా. పక్కన కిరాణా కొట్టు చెన్నయ్య బాబాయిది. నా గుండు చూసి గబగబా వచ్చినాడు. ఓబులేసు అప్పటికే ఫోన్ చేసేసినాడని నాకేం తెలుసు?

"దుకాణం తెరుస్తా ఉన్నావేంది నాయనా? ఈ పొద్దన్నా ఇంటికాడ ఉండకూడదా?"

"ఇంట్లో ఉంటే తిడుతుంది బాబాయ్."

చెన్నయ్య బాబాయి నా భుజం మీద చెయ్యేసినాడు. "ఇంకా ఆ తిట్లు వినపడతానే ఉన్నాయా నాయనా నీకు?"

"పెళ్ళైన కాడ్నుంచీ ఉండేదే కదా!"

రెండు చేతులూ పట్టుకున్నాడు. "ధైర్యంగా ఉండాల. పోయింది ఎట్లాగూ పోయింది."

"నాకేం దిగుల్లేదు బాబాయ్. మళ్ళీ వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పినాడు. ఈసారి ముందుకంటే ఒత్తుగా, ఉంగరాలు తిరిగి వస్తుందంట!"

ఆయన నన్ను అట్ల చూసి, చూసి, "వస్తుందిలే నాయనా. మీ పాప కడుపున పుడుతుంది" అని నా వీపు నిమిరి, తన కొట్టు షట్టరు సగానికి దించేసినాడు.

మా పాప ఒంగోలు హాస్టల్లో ఉండి చదువుకుంటా ఉంది. దాని కడుపున జుట్టు పుట్టడమేంది? పెద్దాయన కదా, ఏదో సామెతేమోలే అనుకొని ఊరుకున్నా! ఆ పొద్దంతా బేరాలే లేవు. వచ్చినోళ్ళు గడప దగ్గరే నిలబడి, దండం పెట్టి పోతా ఉన్నారు. గుండుకు ఇంత మర్యాద ఉందని తెలిస్తే ఎప్పుడో కొట్టించుకునేవాడిని!

ఈ లోపల వార్త బేస్తవారిపేట దాకా పోయింది. అక్కడ మా ఆవిడ చిన్నమ్మ ఉంది, కాశమ్మ పిన్ని. మీరడగొచ్చు, ఇంటికి ఒక ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా అని. పోయిన మనిషి ఫోన్‌కు ఎవరు చేస్తారు? అందరూ నాకే చేసినారు. నా ఫోనేమో ఇంట్లో చార్జింగ్‌లో, సైలెంట్‌లో!

ఇక్కడ్నించి జరిగింది లక్ష్మి తర్వాత చెప్పింది.

ఆమె తలకు నా తువ్వాలు చుట్టుకొని హాల్లో కూర్చొని ఉందంట. వీధి మొదట్లో ఏడుపులు వినపడినాయి. పాపం ఎవరింట్లోనో అనుకుంటా తలుపు తీసింది. తీస్తే ఏడుపు నేరుగా మా ఇంట్లోకే వచ్చింది! కాశమ్మ పిన్నికి చూపు సరిగా ఆనదు. పైగా జబ్బు సంగతి తెలిసినాక ఒక్కసారీ ఇటు రాలేదు. ఎదురుగా తలకు తువ్వాలుతో, చిక్కిపోయి ఉన్న మనిషిని పట్టుకొని, మా వైపు చుట్టమేమో అనుకొని, మెడమీద పడి శోకాలు.

"మా లక్ష్మి పోయిందే అమ్మా! నాకు కబురన్నా చెప్పకుండా సాగనంపేసినారే!"

ఇంకొకరైతే అక్కడికక్కడే పడిపోయేవాళ్ళు. మా ఆవిడ ఒక్క నిమిషం బిత్తరపోయి, తర్వాత మెల్లిగా పిన్నిని మంచం మీద కూర్చోబెట్టి, గొంతు తగ్గించి అడిగిందంట, "ఎట్లాంటి మనిషమ్మా ఆమె?"

"బంగారం తల్లీ, బంగారం! అన్నం పెట్టకుండా ఎవర్నీ పంపేది కాదు. ఆమె చేతి గోంగూర పచ్చడి ఉంటే ఇంకో కూర అక్కర్లేదు." పిన్ని ముక్కు చీది, "నోరు మాత్రం కొంచెం పెద్దది" అనింది.

"నోరు పెద్దదా పిన్నీ? నీ కోడలితో తగువైనప్పుడు ఈ నోరే కదా నీకు అక్కరకొచ్చింది!"

పిన్ని శోకం సగంలో ఆగిపోయింది. ఆ గొంతు ఎవరిదో తెలీదా? బుగ్గలు తడిమింది, చేయి గిల్లింది, "లక్ష్మీ!" అని ఈసారి నిజంగానే ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే నేను ఆమె కోసం కొబ్బరి బోండాలు తీసుకొని స్కూటర్ మీద మా వీధిలోకి తిరిగినా. ఇంటి ముందర ఆటోలు. గడప నిండా చెప్పులు. ఎవరి చేతిలోనో పూలదండ.

ఇక్కడ మాత్రం నేను జోకులు వేయలేను. పొద్దున నేను బయటికి పోయేటప్పుడు ఆమె గోడవైపు తిరిగి పడుకొని ఉంది. జావ తాగిందో లేదో కూడా చూడలేదు. జ్వరం ఏమన్నా వచ్చిందా? నేను గుండు మోజులో పడి ఒంటరిగా వదిలేసి పోయినానా? స్కూటర్ ఎట్ల పడేసినానో తెలీదు. బోండాలు వీధిలో దొర్లతా ఉన్నాయి. నేను "లక్ష్మీ!" అని అరుచుకుంటా లోపలికి పరిగెత్తినా. జనం పక్కకు జరిగినారు.

ఎదురుగా లక్ష్మి! చేతిలో టీ గ్లాసుల పళ్ళెం!

నన్ను పైనుంచి కింది దాకా చూసింది. గుండు చూసింది. మీసం ఉండాల్సిన చోట చూసింది.

"ఎవరయ్యా నువ్వు?" అనింది.

అంతే! పళ్ళెం పిన్ని చేతిలో పెట్టి, నేలమీద కూర్చొని, కడుపు పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వతా ఉంది, కళ్ళు తుడుచుకుంటా ఉంది, నన్ను చూస్తా ఉంది, మళ్ళీ నవ్వతా ఉంది. గుంటూరు తిరగడం మొదలైనాక ఆమె అట్ల నవ్వింది అదే మొదలు. నేను మాత్రం గుమ్మం దగ్గరే చతికిలబడి చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినా. ఓదార్చడానికి వచ్చినోళ్ళు ఉండనే ఉన్నారు కదా, నన్ను ఓదార్చినారు!

"మరి ఈ దండ ఏం చేయాల?" అని ఎవరో అడిగినారు.

"ఆయనకే వేయండి. పాపం, మీసం పోయింది కదా" అనింది లక్ష్మి. నిజంగానే వేసినారు!

అందరూ టీ తాగతా ఉంటే లక్ష్మి నవ్వుతానే ఒక మాటనింది. "బతికుండంగా ఒక్కరూ రాలేదు. పోయిందంటే ఇంతమంది వచ్చినారే!"

పిన్ని, "నీ మొహం ఎట్ల చూడాల్నో తెలీక రాలేదమ్మా. భయమేసింది" అని ఆమె చేయి పట్టుకొని వదల్లేదు. ఆ పూట పిన్ని వెనక్కి పోలేదు. వంటింట్లో దూరి ఉడుకుడుకు అన్నం, చారు చేసి, "నోరు పెద్దదే కదా, తెరువు" అని కలిపి పెట్టింది. లక్ష్మి మారు అడిగి తినింది. ఇప్పుడు వారానికొకసారి వస్తా ఉంది. చెన్నయ్య బాబాయి వాళ్ళింటి నుంచి రోజూ మజ్జిగ వస్తా ఉంది. ఓబులేసు అయితే వచ్చి గుంజీళ్ళు తీసినంత పని చేసినాడు. ఇకమీదట ఎవరన్నా 'పోయింది' అంటే 'ఏది?' అని అడిగి గానీ కళ్ళనీళ్ళు పెట్టుకోడంట.

మొన్న మూడో కీమోకు పోయినాం. వార్డులో కొత్త సిస్టరమ్మ. లక్ష్మి ఎర్రంచు చీర కట్టి, కాటుకతో కనుబొమ్మలు దిద్దుకొని, తలకు పూల స్కార్ఫ్ చుట్టుకొని పెళ్ళికి వచ్చినట్టు కూర్చొని ఉంది. పక్కన నేను. గుండు, బోడి మూతి, బస్సులో నలిగిన మొహం.

సిస్టరమ్మ నేరుగా వచ్చి నా రెక్క పట్టుకొని మంచం మీద పడుకోబెట్టింది! నేను నోరు తెరిచేలోపల బీపీ పట్టీ చుట్టేసింది. "ఎందుకు పెద్దాయనా అంత వణుకుతున్నారు? అమ్మాయి పక్కనే ఉంది కదా, ధైర్యంగా ఉండండి" అనింది.

లక్ష్మి అన్నా చెప్పాలి కదా, పేషెంట్ తనేనని! చెప్పలేదు. నా తల నిమురుతా, "అవును సిస్టర్, మా నాయనకు సూదంటే మహా భయం. కొంచెం మెల్లిగా పొడవండి" అనింది.

ఆమెకు తోడుగా ఉందామని గుండు కొట్టించుకున్నా. ఉన్న మొగుడి ఉద్యోగం కూడా ఊడి, ఇప్పుడు మామగారి పోస్టులో ఉన్నా!