విరగని కాలికి కట్టు

వానలకు ముందు సాయిలు ఊళ్లో ఒక పని ఉంటుంది. గుట్ట మీది నీళ్లు కుంటలోకి దిగే కాలువలో పూడిక తీయాలి. డప్పు కొట్టించి ఇంటికో మనిషిని పిలుస్తారు. ఒక్కో ఇంటికి ఇరవై అడుగుల వంతు. రాని ఇంటికి జరిమానా ఏమీ లేదు, వాళ్ల వంతు ఇంకెవరో తవ్వేస్తారు. జోగిపేట దాటాక ఎక్కడో ఉన్న ఆ ఊరి పిలుపు, మియాపూర్‌లో ఉండి క్యాబ్ నడుపుకునే సాయిలుకు ఇప్పుడు ఫోన్‌లో వస్తోంది.

ఈసారి అతను "కాలు ఇరిగింది, రాలేను" అని మెసేజ్ పెట్టాడు. ఏమీ విరగలేదు. వారమంతా ఉద్యోగులను ఇళ్లకూ ఆఫీసులకూ తిప్పినవాడికి, పూడిక పని పెట్టిన ఆదివారం పడుకోవాలనిపించింది, అంతే. పడుకున్నాడు.

మంగళవారం పొద్దున ఫోన్ మోగింది.

"బావా, మియాపూర్‌ల బస్సు దిగినం. నీ రూం ఎటు దిక్కు? మల్లయ్య కాకను తోల్కొచ్చిన."

మాట్లాడింది ఊళ్లో పక్కింటి నర్సింహ. మల్లయ్య ఊరందరి విరిగిన ఎముకలకూ కట్లు కట్టే ముసలాయన.

"ఏ కాలు ఇరిగిందని చెప్పినవ్?" అంది భార్య వసంత.

"ఏ కాలో చెప్పలే."

"మంచిగైంది. ఏదన్న ఒకటి ఇరగ్గొట్టుకో మరి."

సాయిలు కుడికాలికి తువ్వాలు చుట్టుకుని చాప మీద పడుకున్నాడు. రెండేళ్లలో ఆ గదికి చుట్టాలు రావడం అదే మొదలు. ఎదురింటివాళ్లయితే ఇంకా పేరు కూడా అడగలేదు.

వచ్చినవాళ్లిద్దరూ సంచిలో నల్లేరు, కోడిగుడ్లు, వెదురు బద్దలు తెచ్చారు. మల్లయ్య తువ్వాలు విప్పి, పిక్క నుంచి మడమ దాకా మెల్లగా ఒత్తుకుంటూ పోయాడు. అరచేతులు గరుగ్గా తగిలాయి. చూస్తే బొబ్బలు చిట్లి ఉన్నాయి.

"చేతులకేమైంది కాకా?"

"ఏంగావాలె? నీ వంతు ఆయనే తవ్విండు," అన్నాడు నర్సింహ. "మేం తవ్వుతమంటే ఇనలే. పోరడు కాలిరిగి పడ్డడు, ఆని వంతు నాదే అన్నడు."

మల్లయ్య వేళ్లు మడమ దగ్గర ఆగాయి. మరోసారి పైనుంచి ఒత్తి, సాయిలు ముఖంలోకి చూశాడు. సాయిలు గోడవైపు తిరిగాడు.

"ఇరగలే తియ్. బెణికింది," అన్నాడు ముసలాయన నర్సింహతో. "నాలుగు దినాలల్ల లేస్తడు."

గుడ్డు పగలగొట్టి, దంచిన నల్లేరులో కలపసాగాడు. సాయిలు లేచి కూర్చుని కాలు వెనక్కి లాక్కున్నాడు.

"బెణకలే కాకా. ఏం గాలే. రాబుద్ది గాలే నాకు."

నర్సింహ దిగ్గున లేచాడు. "మూడు బస్సులు మారినం గదరా! గుడ్లు పగులుతయని సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్న!"

వసంత అన్నం తినిపొమ్మంది. నర్సింహ అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు. మల్లయ్య మాత్రం కలిపిన ముద్దను ఏం చేయాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఊరిదాక కారుల దింపుత కాకా."

"వద్దు బిడ్డా, నీకు డ్యూటీ ఉంటది."

ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

సాయిలు వాళ్ల వెనకాలే మెట్లు దిగి బస్టాప్ దాకా నడిచాడు. బస్సు రావడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ అతను వాళ్ల ఎదుట రెండు కాళ్ల మీద నిలబడే ఉన్నాడు.