వంతుల కార్డు

కంప్యూటరు తెరమీద ఒక బొమ్మను కుడి నుంచి ఎడమకు తిప్పి చూపించినవాణ్ణి జనం గారడీవాడికంటే ఒక మెట్టు పైన కూర్చోబెట్టిన కాలం ఒకటుండేది. నా దురదృష్టం కొద్దీ నా యవ్వనం సరిగ్గా ఆ కాలంలోనే పడింది. రాచర్ల పక్కన మేకల మధ్య పెరిగి, హైదరాబాదులో డిజైనింగ్ కోర్సు ఒకటి చేసి వచ్చి, మార్కాపురంలో పలకరాయి వ్యాపారం చేసే అన్నదమ్ముల దగ్గర ఉద్యోగంలో చేరాను. వాళ్ల రాయి అతికిస్తే గోడ ఎట్లా ఉంటుందో తెరమీద గీసి, కొనేవాళ్లకు చూపడం నా పని. అందుకోసం వాళ్లు రెండు వర్క్‌స్టేషన్లు కొన్నారు (అంటే కంప్యూటర్లే, కాస్త లావుగా, కాస్త గర్వంగా ఉంటాయి). గీతలు గీయడానికి అవి చాలు. రంగులు నింపిన గోడను తిప్పాలంటే మాత్రం లోపల గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అది లేకపోతే బొమ్మ ఒక పక్క నుంచి సున్నం కొడుతున్నట్టు చారలు చారలుగా వచ్చేది. ఈలోగా నిజం గోడే కట్టి గృహప్రవేశం పెట్టుకోవచ్చు. ఆ కార్డు ఖరీదు ఇంకో కంప్యూటరంత. అందుకని ఒక్కటే కొన్నారు.

కొన్న ఏడాదికే అన్నదమ్ములు వేరుపడ్డారు. షెడ్డు మధ్యలో గోడ లేచింది (దాన్ని చూపడానికి నా అవసరం రాలేదు). క్వారీ గుంతలు పంచుకున్నారు, కోత మిషన్లు పంచుకున్నారు, కంప్యూటర్లు చెరొకటి తీసుకున్నారు. కార్డు దగ్గరికొచ్చేసరికి పంచాయితీ ఆగిపోయింది. తగవు తీర్చడానికి కొనకనమిట్ల నుంచి వచ్చిన వాళ్ల మేనమామ కార్డును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. "బావికాడ ఏం జేసినార్రా? వంతులు పెట్టుకోలా? దీనికీ అట్లనే పెట్టుకోండి. ఒకరోజు పెద్దోనికి, ఒకరోజు చిన్నోనికి" అని తీర్పు చెప్పి భోజనానికి లేచాడు.

ఆనాటి నుంచి పొద్దు పొడవగానే వంతు మారేది. నేను పెద్దన్న మిషను విప్పి, కార్డు ఊడబీకి, మెత్తటి పంచె గుడ్డలో చుట్టుకుని, వీధంతా చుట్టి వెళ్లి చిన్నన్న మిషనులో బిగించేవాణ్ణి (మధ్య గోడకు తలుపు వద్దన్న ఒక్క విషయంలోనే ఇద్దరికీ ఏకాభిప్రాయం). మర్నాడు మళ్లీ అటునుంచి ఇటు. కంటి రెప్పపాటులో కొండనైనా తిప్పుతుందని అమ్మినవాడు పొగిడిన వస్తువు మార్కాపురంలో నా కాళ్ల వేగంతో ప్రయాణం చేసేది. కార్డు ఎక్కడుంటే నేనూ అక్కడే, దానికి తోడుపెళ్లికొడుకునన్నమాట. తన వంతులో కరెంటు పోతే ఆ పూట తనకు ఎవరు తిరిగిస్తారని చిన్నన్న నన్ను నిలదీసేవాడు, కరెంటాఫీసు మా తాతగారిదైనట్టు. అన్నదమ్ములకు మాటల్లేవు గనక ఇద్దరి తిట్లూ నా చెవుల మీదుగానే రాకపోకలు సాగించేవి.

ఇంతలో మద్రాసు నుంచి ఒక పెద్ద బేరగాడు వస్తానన్నాడు. విదేశంలో ఏదో హోటలుకు ఎత్తైన గోడట. బొమ్మ తిప్పి చూపిస్తేనే ఆర్డరట. పెద్దన్న వంతు రోజుల్లో నేను ఆ గోడను తయారుచేశాను. ఆర్డరు రాకపోతే నన్ను మళ్లీ రాచర్ల బస్సెక్కిస్తానని పెద్దన్న నవ్వుతూనే చెప్పాడు గాని, ఆయన నవ్వులో పళ్లు మాత్రమే పాల్గొన్నాయి. తీరా ఆ పెద్దమనిషి రావలసిన రోజున రైలు తప్పిపోయి, మర్నాడు వస్తున్నానని, మధ్యాహ్నానికే వెళ్లిపోవాలని ఫోను చేశాడు. మర్నాడు చిన్నన్న వంతు.

పెద్దన్న తల అడ్డంగా ఊపాడు. "నేను అడగను. నువ్వు పోయి అడుగు. నేను అడగమన్నానని మాత్రం చెప్పబాక."

తెల్లవారి కార్డు తీసుకుని చిన్నన్న దగ్గరికి వెళ్లి సంగతంతా విన్నవించుకున్నాను. ఆయన వేపపుల్ల నములుతూ విన్నాడు.

"ఆయన అడిగినాడా?"

"లేదన్నా. నేనే అడుగుతుండా. నా ఉద్యోగం పోతాది."

"వంతు దాటించి నీళ్లు పెట్టినోడు మా వంశంలో లేడు" అని పుల్ల ఊసి, నా మొహం చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో గాని, "సరే. కార్డు నా చేతిలోనే ఉంటాది. నేనే వస్తా. కాపలాకి" అన్నాడు.

అట్లా, గోడ లేచాక మొదటిసారి చిన్నన్న అన్న ఆఫీసులో అడుగుపెట్టి, కంప్యూటరు పక్కన స్టూలు వేసుకుని, కాలువ గట్టు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. వదిన మజ్జిగ పంపితే దాహం లేదన్నాడు. నేను కార్డు బిగించాను. తెర నల్లగా ఉంది. ఊడదీసి, పలకరాయి దుమ్ము ఊది, మళ్లీ బిగించాను. మళ్లీ నలుపే. ఈలోగా వచ్చి కూర్చున్న మద్రాసాయన గడియారం చూసుకున్నాడు, పెద్దన్న నన్ను చూశాడు, నేను రాచర్ల బస్సును చూశాను. మూడోసారి నొక్కి బిగిస్తే గోడ వెలిగింది. నల్లరాయి మధ్యలో తుప్పురంగు రాయి తీగలా అల్లుకుపోయి, మెల్లగా, హుందాగా తిరిగింది. మద్రాసాయన ముందుకు వంగాడు. ఇంత రాయి ఇవ్వగలరా అని అడిగాడు. ఇస్తామన్నాడు పెద్దన్న.

"ఏడ నుంచి ఇస్తావు?" స్టూలు మీద నుంచి వచ్చింది గొంతు. "నల్లరాయి నీది. ఆ తుప్పురంగు రాయి నా గుంతలో తప్ప ఈ చుట్టుపక్కల యాడుంది?"

అందరి చూపులూ నామీదికి తిరిగాయి. బొమ్మకు ఏ రంగు అందమో చూశాను గాని, ఏ రంగు ఎవరి వాటాయో నాకేం తెలుసు? గోడ మాత్రం తెరమీద ఆగకుండా తిరుగుతూనే ఉంది.

పెద్దన్న గొంతు సవరించుకున్నాడు. ఎటో చూస్తూ, చాలా చిన్నగా అన్నాడు. "నువ్వు ఇస్తావా?"

"అడిగితే గదా" అన్నాడు చిన్నన్న, అని మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

ఆర్డరు ఇద్దరికీ కలిపి వచ్చింది. వాళ్లేమీ కౌగిలించుకోలేదు, ఇన్నాళ్లూ నా చెవుల మీదుగా తిట్టుకున్నది ఆపైన ముఖాముఖి తిట్టుకున్నారు, అంతే. కార్డు ఆ మిషనులోనే ఉండిపోయింది, చిన్నన్న రోజూ కాపలాకు రావడం మొదలుపెట్టాడు. నా నడక తప్పింది.

ఆ ఆదివారం ఇంటికెళ్లి, ఆర్డరంతా నా ఒక్కడి బుర్రలోంచి రాలినట్టు నాయనకు కథ చెప్పాను. మేకలకు తుమ్మకొమ్మ వంచుతూ ఓపిగ్గా విని, ఆయన అడిగాడు.

"కంప్యూటరు పెద్దోనిది. కార్డు ఇద్దరిది. రాయి చెరి సగం. మరి నీదేంది రా మధ్యలో?"

"స్క్రూ బిగించినా, నాయనా."

"గట్టిగా బిగించినావా?"

"గట్టిగానే."

"ఊ" అని ఇంకో కొమ్మ వంచాడు. నేనొక ఇంజనీరునని చెప్పబోయిన వాక్యం నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఎన్నో పెద్ద పేర్లున్న పనులు చేశాను, జీతాలూ తీసుకున్నాను. అవన్నీ నిజానికి ఏమిటని ఎవరైనా నిలదీస్తే, ఆ పూట చెప్పినంత నికార్సయిన జవాబు మళ్లీ నా నోట రాలేదు. దుమ్ముకొట్టుకుపోయిన చొక్కాతో మేకల మధ్య తెల్లమొహం వేసుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. కాస్త ముద్దూ వస్తుంది.