బోణీకి కూర్చునే హక్కు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే చీరల దుకాణంలో పొద్దున్నే బోణీ చేసేది నేనే. తొలి గిరాకీకి చీర విప్పి చూపించి, బేరం తెంపడం నా వంతు. నా హస్తవాసి మంచిదని మా సేటు నమ్మకం. ఎల్బీనగర్‌లో కిరాయి గదిలో కూర్చుని చట్టాల పుస్తకాలు సొంతంగా చదువుకున్నవాణ్ణి; హస్తవాసిని నేనేం నమ్ముతాను? కానీ గిరాకీ ముందు పరిచే ఆ తెల్ల పరుపు మీద అందరికన్నా ముందు కూర్చోవడమంటే నాకు ప్రాణం.

ఆ మధ్య హయత్‌నగర్ నుంచి ఒకామె పనికి కుదిరింది. భర్త పోయిన మనిషి. బోణీ అయ్యేదాకా ఆమెను వెనక స్టాకు గదిలోనే ఉండమనేవాడు సేటు. అది తప్పని ఎన్నోసార్లు చెప్పాను. "కాకా, రాజ్యాంగం సర్కారు కొలువులకు, నా దుకాణానికి కాదు" అని నవ్వేవాడు.

ఒక పొద్దున ఆమె వచ్చి నా పక్కనే పరుపు మీద కూర్చుంది.

"ఏందమ్మా గిది? బోణీ కాలే, లోపలికి పో" అన్నాడు సేటు.

"కాకకు భార్య పోలేదా సేటూ? ఆయన రోజూ ఈడనే కూసుంటుండు గద! ఆడదాన్నని నన్నొక్కదాన్నే లోపలికి తోలుతున్నరు. లేబర్ ఆఫీసుల గిదే అడుగుతా."

సేటు నా వైపు తిరిగాడు. "అట్ల అడగొచ్చా కాకా?"

"అడగొచ్చు. ఒకే పనిలో ఆడ, మగ తేడా చూపొద్దని ప్రైవేటోళ్లకు గూడ చట్టమున్నది."

చెప్పానే గానీ, ఆ వాదన నాకు తట్టలేదే అని కుళ్లుకున్నాను. ఇన్నేళ్లు పుస్తకాలు తిరగేసింది నేను. నా బతుకే రుజువని పట్టుకున్నది ఆమె!

ఆ రోజు బోణీ ఆమే చేసింది. పెండ్లివారు వచ్చి చేతుల నిండా పట్టుచీరలు మోసుకుపోయారు. సేటు ముఖం వెలిగిపోయింది.

"ఏం హస్తవాసమ్మా నీది! రేపటిసంది బోణీ నీదే. కాకా, నువ్వు జర వెనక స్టాకు చూస్కో."

నాకు ఒళ్లు మండింది. "నిన్నటిదాంక అపశకునమన్నరు, ఇయ్యాల లక్ష్మంటున్నరు. రేపు గిరాకీ రాకుంటే మళ్ల లోపలికి తోలుతరా? హక్కు హస్తవాసిని జూసి ఇచ్చేదా సేటూ?"

"కుళ్లుతోని అంటలేవు గద కాకా?" అని నవ్విందామె.

"కుళ్లే బిడ్డా. అయితేంది, నేనన్నది తప్పా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "తప్పు కాదు. సేటూ, ఒకరోజు కాక కూసుంటడు, ఒకరోజు నేను. గిరాకీ ఒచ్చినా, రాకున్నా గంతే."

సేటు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. ఆమె వంతు నాడు గిరాకీ జోరుగా సాగితే, చీరలు మడతపెడుతూ నేను పళ్లు నూరుకుంటాను. సాగకపోతే, సేటు నోరు తెరవకముందే గుమ్మంలోకి వెళ్లి గిరాకీని పిలుస్తాను.