మా గుర్రానికి వాత పడలేదు

మా నాయన నంద్యాలలో జట్కా తోలేవాడు. కొడుకులు లేరు కాబట్టి గుర్రం చదువంతా నా నెత్తిన రుద్దాడు. పొద్దున్నే గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం, వెనక నుంచి పోయేటప్పుడు పలకరిస్తూ పోవడం, ఉలవలు ఉడికిస్తే గానీ పెట్టకపోవడం, అన్నీ నాకు పెళ్లికి ముందే వచ్చు.

ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చాక ఆ చదువును ఎవరూ లెక్కచేయలేదు. మా ఆయనా జట్కా తోలేవాడే. బస్టాండు దగ్గర జట్కాలవాళ్లకు ఒక పెద్దాయన ఉండేవాడు. గుర్రానికి ఏ జబ్బొచ్చినా ఆయన వైద్యం ఒక్కటే. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి పొట్ట మీద వాత పెట్టడం. ఆయన సొంత గుర్రం పొట్ట నిండా చారలే. ఛీ, చూస్తే నా కడుపు రగిలేది.

ఒకరోజు మా ఆయన శిరివెళ్లలో పెళ్లివాళ్లను దించి వచ్చాడు. పాపం బాగా లాగిందని గుర్రాన్ని ముద్దు చేసి, పచ్చి ఉలవలు దండిగా పెట్టి, ఆ వెంటనే తొట్టెడు నీళ్లు తాపాడు. కాసేపటికి అది డొక్కల వైపు తిరిగి చూసుకుంటూ, కాలితో పొట్ట తన్నుకుంటూ, నేల మీద పడి దొర్లింది. మాకున్నది ఆ ఒక్క ఆడగుర్రమే. అది పోతే మా పొయ్యి ఆరినట్టే.

పెద్దాయనకు కబురు పోయింది. ఆయన వచ్చీ రాగానే మా వాకిట్లోనే నిప్పులు చేసి కడ్డీ పెట్టాడు.

"పట్టుకోండప్పా. రెండు వాతలేస్తే అదే లేస్తాది."

నేను పగ్గం చేతికి చుట్టుకుని అడ్డం నిలబడ్డాను. "ముందు నాకెయ్యి పెద్దనాయనా వాత. తర్వాత దానికి."

"ఏందమ్మీ, ఆడదానివి నీకేం తెలుసు? ఇది చస్తే?"

"చస్తే నా గుర్రం. నీదా?"

మా ఆయన తల గోక్కుంటూ నిలబడ్డాడు. పశువుల డాక్టరు కోసం ఆయన్ను తరిమి, గుర్రాన్ని అదిలించి లేపి బజారులో నడిపించాను. కడుపు బిగిసిన గుర్రాన్ని దొర్లనియ్యకుండా నడిపిస్తే పేగులు కదులుతాయని మా నాయన చెప్పేవాడు. అంగళ్ల దగ్గర మగాళ్లు పళ్లికిలించారు.

"ఏమక్కా, గుర్రానికి ఊరు చూపిస్తాండావా?"

"నీకూ చూపిస్తా రా, మెడకు పగ్గమేసి!"

ఆగినప్పుడల్లా దాని పొట్టకు చెవి ఆనించాను. లోపల చప్పుడే లేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఇంకా పాలిపోలేదు. అదే ధైర్యం. మళ్లీ నడిపించాను. దొర్లబోతే తిట్టి లేపాను. చాలాసేపటికి పొట్టలో గుడగుడమంది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి మళ్లించాను. పెద్దాయన ఇంకా నిప్పుల దగ్గరే కూర్చుని ఉన్నాడు. సరిగ్గా ఆయన ముందర ఆగి తోకెత్తి, బుట్టెడు లద్దె వేసింది మా తల్లి!

"చూడు పెద్దనాయనా, వాత లేకుండానే," అన్నాను.

సాయంత్రం డాక్టరు వచ్చి మందు తాపాడు. రేపటిదాకా ఉలవలు ముట్టించొద్దని మా ఆయనకు గట్టిగా చెప్పాడు. డాక్టరు రాకముందే నేను తడిగుడ్డ చుట్టి ఆ కడ్డీని నిప్పుల్లోంచి లాగి తొట్టిలో ముంచాను. చుయ్యిమంది.

"అది నా కడ్డీ అమ్మీ," అన్నాడు పెద్దాయన.

"ఇంక నీకియ్యను. పో."

ఇవ్వలేదు. నేటికీ మా పొయ్యిలో నిప్పు ఎగదోసేది దాంతోనే.